కప్పులు దించిన ఊరు

శివరాత్రి వెళ్లిన మర్నాడే సాలమ్మ కొక్కెం కట్టిన దోటి చేతబట్టుకుని ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టేది. గూడూరుకు రెండు కోసుల దూరంలో, అడవి అంచున ఉన్న నర్సక్కపల్లెలో ముప్పై నాలుగు ఇళ్లు. అన్నీ మట్టిగోడలు, బోదగడ్డి కప్పులు. మాఘమాసం దాటేసరికి ఆ గడ్డి పిడికిట్లో పట్టి నలిపితే పొడి రాలేటంతగా ఎండిపోతుంది. మధ్యాహ్నం పడమటి గాలి లేస్తుంది. ఆ గాలిలో ఒక్క నిప్పురవ్వ ఎగిరితే ఊరికి ఊరే పోతుంది.

అందుకే ఆమె ప్రతి వాకిట్లోకీ పోయి చూసేది. తలుపు పక్కన నిండుకుండలు రెండు ఉన్నాయా, చూరుకు దోటి ఆనించి ఉందా, గడ్డివాము ఇంటికి దూరంగా జరిపారా అని.

"పొద్దు బారెడెక్కక ముందే వంటలు గావాలె. పొయ్యిల నిప్పు నీళ్లు జల్లి ఆర్పాలె. పక్కింటికెల్లి నిప్పు దెచ్చుకుంటే పెంకుల బెట్టి మీద బూడిద కప్పుకొని రావాలె. వట్టి పిడక మీద తెచ్చిన్రో, ఆ చెయ్యి ఇరగ్గొడ్త" అనేది.

ఊరివాళ్లు నవ్వేవాళ్లు. నవ్వుతూనే చెప్పినట్టు చేసేవాళ్లు. ఎందుకంటే ఇరవై ఆరేళ్ల కింద చైత్రమాసంలో ఊరు కాలింది. సాలమ్మ వాగులో చెలిమె దగ్గర నీళ్లు తోడుతుంటే పొగ కనిపించింది. పరుగెత్తి వచ్చేసరికి ఆమె ఇల్లు కూలిపోయింది. మూడేళ్ల బిడ్డ లోపలే ఉంది. అప్పట్నుంచి ఆమె ఊరివాళ్లను ఎండాకాలం నిమ్మళంగా ఉండనిచ్చింది లేదు.

ఊళ్లో ఇళ్లు కప్పేది ఆమె తమ్ముడు పోశాలు. అక్క మాట మీద అతడు కప్పు కట్టే తీరునే మార్చాడు. వాసాలకు గడ్డిని బిగించే తాళ్లన్నీ ఒక్క జారుముడికి తెచ్చి కట్టేవాడు. ఆ ముడి లాగి దోటితో గుంజితే ఒక పక్క కప్పంతా జారి కింద పడుతుంది. ఒక ఇల్లు అంటుకున్నా పక్కింటి కప్పు దించి మంటను ఆపొచ్చు. పోశాలు కూతురు ఉప్పలమ్మనే సాలమ్మ తన కొడుకు ఓదెలుకు చేసుకుంది. ఆ ఏడు మాఘం చివర్లో ఉప్పలమ్మకు కొడుకు పుట్టాడు.

ఆ ఏడు అంటే ఊళ్ల మీద క్యాంపులు పడ్డ ఏడు. వచ్చేవాళ్లు రజాకార్లో, పోలీసులో ఊరివాళ్లకు తేడా తెలిసేది కాదు. అందరినీ కలిపి క్యాంపోళ్లు అనేవాళ్లు. ఓదెలు దొరల మీద తిరగబడ్డ సంఘంలో తిరిగేవాడు. అడవిలో ఉన్న దళానికి జొన్నలు, కబుర్లు చేరవేసేవాడు. ఆ సంగతి తల్లికి తెలుసు, భార్యకు తెలుసు, మామకు తెలుసు. ఊళ్లో మిగతావాళ్లకు తెలిసినా ఎవరూ పైకి అనేవాళ్లు కాదు.

శివరాత్రి నుంచి కాముని పున్నమ దాకా సాయంత్రాలు పిల్లలు, పడుచువాళ్లు కోలలు పట్టుకుని వాకిలి వాకిలికీ జాజిరి ఆడడం ఊరి ఆనవాయితీ. ఇంటివాళ్లు దోసెడు జొన్నలు పెట్టాలి. పెట్టనివాళ్ల మీద అప్పటికప్పుడు పాట కట్టేవాళ్లు. ఆ ఏడు కూడా ఆడారు. మూడో రోజు సాలమ్మ ఇంటి ముందు ఆడుతూ ఆమె దోటి మీదా, కుండల మీదా పాట కట్టారు. ఆమె కోపం నటించి చెంబుతో నీళ్లు చల్లింది. అందరూ గొల్లున నవ్వారు.

ఆ నవ్వులోనే ఒక ఎడ్లబండి ఊళ్లోకి వచ్చింది. బండి మీద యోహాను, అతని భార్య, ముగ్గురు పిల్లలు, ఒక తిరగలి, రెండు మసిబారిన గిన్నెలు ఉన్నాయి. యోహానుది దంతాలపల్లి వైపు ఒక పాలెం. ఏటా ఎండాకాలం ముందు తాటికమ్మలు వేసుకొచ్చి, బోదగడ్డి తీసుకుపోయేవాడు. ఈసారి బండిలో కమ్మలు లేవు.

"గిదేందే యోహానూ, ఇల్లు దించుకొని వచ్చినవా?" అన్నాడు పోశాలు.

"ఇల్లెక్కడిదన్నా. మా పాలెమే లేదు."

కోలలు ఆగిపోయాయి. యోహాను బండి దిగకుండానే చెప్పాడు. ఆదివారం పొద్దున అందరూ ప్రార్థనలో ఉండగా క్యాంపోళ్లు వచ్చారు. ఎవరో సంఘపోళ్లకు అన్నం పెట్టారన్నారు. ఒక్కొక్క ఇంటి చూరుకూ కాగడా అంటించుకుంటూ పోయారు.

"కప్పు కాలి లోపటికే పడ్తదన్నా. అప్పుడు గోడలు గూడ పగుల్తయ్. గుమ్ముల జొన్నలు పేలాలైనయ్. ఒక్క మా పక్కింటోళ్లదే నిలవడ్డది. వాళ్లు కొత్త కప్పెయ్యాలని పాతది పీకి పారేసిన్రు. వట్టి గోడలే ఉండె. దాన్నేం కాలుస్తరు?"

ఆ రోజుకు వాళ్లకు అంబలి పోసి ఉండమన్నారు. మర్నాడు పొద్దున్నే యోహాను గూడూరులో ఉన్న బావమరిది దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం జాజిరి ఆడటానికి ఎవరూ కోలలు తీయలేదు.

మరో రెండు రోజులకు, పొద్దున పూట, క్యాంపోళ్లు నర్సక్కపల్లెకే వచ్చారు. పదిహేను మంది. ముందు గుర్రం మీద జమేదారు. మనిషి సన్నగా, శుభ్రంగా ఉన్నాడు. ఎవరినీ తిట్టలేదు. గుర్రం దిగి ఊరంతా ఒక చుట్టు తిరిగాడు. ఒక ఇంటి ముందు ఆగి నిండుకుండలు చూశాడు. పక్కింటికి పోయాడు. అక్కడా కుండలు. చూరుకు ఆనించిన దోటిని చేత్తో తట్టి చూశాడు. నాలుగిళ్లు తిరిగేసరికి అతని ముఖంలో నవ్వు వచ్చింది.

"ఇంటికి రెండు కుండలు. ఇంటికో కొక్కెం కట్టె. వామిలన్నీ దూరం జరిపిన్రు. మేం వస్తున్నమని మీకు ఎవరు చెప్పిండ్రు?" అని అడిగాడు.

సాలమ్మే ముందుకు వచ్చింది.

"ఎవ్వలు చెప్పలే దొరా. ఎండకాలం గదా, నిప్పు భయం. ఇరవై ఆరేండ్ల సంది నేనే పెట్టిస్తున్న. ఎవర్నన్న అడుగుండ్రి."

"నిప్పు భయం." జమేదారు ఆ మాటను రుచి చూసినట్టు అన్నాడు. "తప్పు చెయ్యనోళ్లకు భయమెందుకు? సంఘపోళ్లు చెప్పకుంటే ఊరు ఊరంత ఒక్కతీరుగ ఎట్ల తయారైతది? నీ కొడుకేడి?"

"బోదకు పోయిండు, అడివికి."

"పేరు ఓదెలు. అవునా?"

పేరు అతనికి ముందే తెలుసు. అతను సైగ చేస్తే మనుషులు ఒక్కొక్క వాకిట్లోకీ పోయి తుపాకీ మడమలతో కుండలు పగలగొట్టారు. నీళ్లు వాకిళ్లు దాటి బాటలోకి పారాయి. పసివాడిని ఎత్తుకుని ఉప్పలమ్మ గోడకు అతుక్కుని నిలబడింది. జమేదారు గుర్రమెక్కి, అదే నెమ్మదైన గొంతుతో చెప్పాడు.

"పున్నమ తెల్లారి వస్త. అప్పటికి ఓదెలు క్యాంపుల ఉండాలె. లేకపోతే నిప్పంటే ఏందో మీ అందరికీ నేనే చూపిస్త."

వాళ్లు పోయాక ఆడవాళ్లు వాకిళ్లలో పెంకులు ఏరారు. తర్వాత అందరూ సాలమ్మ వాకిట్లోకి వచ్చారు. మొదట మాట అన్నది ఆమె తమ్ముడే.

"అక్కా, నీ కుండలే మన కొంపలు ముంచినయ్. ఎన్నిసార్లు చెప్పిన, ఈ ఏడు గిట్ల ఊరంత ఎచ్చరిక పెట్టకని? ఇగ సూడు. ఆ జమేదారుకు అనుమానం రానే వచ్చె."

"నేనేం తప్పు జేసిన్రా?"

"తప్పని ఎవడన్నడు? వానికి కావాల్సింది సాకు. నువ్వే తీస్కపోయి చేతుల పెట్టినవ్."

తమ్ముడి మాట సాలమ్మకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఏ నిప్పుకు భయపడి ఇన్నేళ్లు ఊరిని కాపాడుకుంటూ వచ్చిందో, ఆ కాపలానే ఊరి మీదికి నిప్పును తెచ్చినట్టయింది.

మధ్యాహ్నానికి ఓదెలు అడవి నుంచి వచ్చాడు. సంగతి విని గడ్డిమోపు దింపుతూనే అన్నాడు. "నేను పోత. ఒక్కని కోసం ఇంతమంది ఎందుకు ఆగం గావాలె?"

"పోయినోళ్లు ఎవరన్న మళ్లొచ్చిన్రా?" అంది ఉప్పలమ్మ. ఆమె ఏడవలేదు. పిల్లవాడిని భర్త ఒళ్లో పెట్టి, లోపలికి పోయింది.

ఓదెలును పంపుదామని ఇద్దరు ముగ్గురు మెల్లగా అన్నారు. వాళ్లనూ ఎవరూ తప్పుపట్టలేదు. అందరికీ పిల్లలున్నారు. పోశాలు మాత్రం తల అడ్డంగా ఊపాడు. "నా బిడ్డ బాలింత. దాని మొగుణ్ని నా చేతుల్తోని పంపిస్తనా? వాణ్నిచ్చినా జమేదారు ఊరిడుస్తడన్న నమ్మకమేంది? యోహాను పాలెంల ఎవర్నడిగి కాల్చిండ్రు?"

యోహాను పేరు వినగానే సాలమ్మ తలెత్తింది.

"వట్టి గోడలైతే ఏం కాలుస్తరన్నడు గదా" అంది.

"ఏందక్కా?"

"కప్పులు దించుదాం. ముప్పై నాలుగిండ్లవీ. వాడు వచ్చెటాల్లకు కాల్చెతందుకు గడ్డిపోస ఉండొద్దు. గింజలు గుంతలల్ల పూడ్వుండ్రి. గడ్డి, వాసాలు వాగు ఇసుకల వెయ్యుండ్రి. గోడలుంటె ఇల్లున్నట్టే. గోడలు వగిలితే రెండేండ్లు పడ్తది."

ఆమెకు పిచ్చెక్కిందన్నట్టు చూశారు కొందరు. ఎండలో పిల్లలతో, ముసలివాళ్లతో కప్పు లేని ఇంట్లో ఎట్లా ఉండాలి? వానలకు కొత్త గడ్డి ఎక్కడిది? అడవిలో మిగిలిన బోద ముప్పై నాలుగు ఇళ్లకు చాలదు. "నాకు గంతే తోస్తున్నది" అంది సాలమ్మ. చివరికి పోశాలు లేచి, తన ఇంటికే పోయి, చూరు కింద చేయి పెట్టి జారుముడి లాగాడు. కప్పు ఒక్కసారిగా జారి, దుమ్ము లేపుతూ వాకిట్లో పడింది. తాను కట్టిన కప్పును తానే దించుకుంటున్న మనిషి ముఖం చూడలేక ఆడవాళ్లు తల తిప్పుకున్నారు.

తర్వాత వారం రోజులు అదే పని. ఓదెలును ఆ సాయంత్రమే అడవికి పంపేశారు. మిగతావాళ్లు కప్పులు దించారు, గడ్డి మోపులు కట్టి వాగులోకి మోశారు. రోజూ ఎవరో ఒకరు గూడూరు బాట వైపు చూస్తూ చింతచెట్టు మీద కూర్చునేవాళ్లు. ఆ బాట మీద దుమ్ము లేస్తే పని ఆగిపోయేది. మేకల మందో, బండో అని తెలిశాక మళ్లీ సాగేది.

చివరికి సాలమ్మ, ఉప్పలమ్మ ఉండే ఇల్లు ఒక్కటే మిగిలింది. "నెల దాటని పసిగుడ్డును ఎండల పండవెట్టాల్నా అత్తా? కాలితే కాలనీ. నేను దించనియ్య" అంది. సాలమ్మ ఆమెను బలవంతం చేయలేదు. గడపలో కూర్చుంది. చచ్చిపోయిన తన బిడ్డ గురించి చెప్పింది. ఇరవై ఆరేళ్లలో ఆ మాట ఆమె నోట ఎవరూ వినలేదు. "దొరికినంక ఎత్తుకుందామంటే చేతుల ఏం మిగల్లే" అని ఆగిపోయింది. ఉప్పలమ్మ పిల్లవాడిని అత్త చేతికిచ్చి, తానే పోయి ముడి లాగింది. చింతచెట్టు కొమ్మకు చీరతో ఉయ్యాల కట్టారు.

పున్నమ నాడు ఎవరికీ పండుగ మీద మనసు లేదు. కానీ పిల్లలు పొద్దున్నే మోదుగుపూలు తెచ్చి ఉడకబెట్టారు. ఎవరో ఒక పిల్ల కాషాయరంగు నీళ్లు పోశాలు నెత్తిన పోసింది. అతడు ఒక్క క్షణం కొడతాడేమో అన్నట్టు చూసి, ఆ పిల్ల చేతిలో గిన్నె లాక్కుని తిరిగి దాని మీదే పోశాడు. దాంతో కట్లు తెగినట్టయింది. పొద్దు వాలకముందే జాజిరి మొదలైంది. కప్పుల్లేని గోడల మధ్య కోలల చప్పుడు వింతగా మోగింది. పాట ఆగిన ప్రతిసారీ అందరి చెవులూ బాట వైపే ఉండేవి. మళ్లీ గట్టిగా ఎత్తుకునేవాళ్లు. కాముణ్ణి కాల్చే మంట మాత్రం వేయలేదు. నిప్పు వేద్దామని ఎవరూ అననూ లేదు.

తెల్లారి జాము పొద్దెక్కాక వాళ్లు వచ్చారు. ఈసారి ముప్పై మంది దాకా ఉన్నారు. ఇద్దరి చేతుల్లో కిరసనాయిలు డబ్బాలు ఉన్నాయి. ఊరి మొదట్లో గుర్రం ఆగింది. జమేదారు ముందుకు చూశాడు. ముప్పై నాలుగు ఇళ్ల మొండిగోడలు, వాటి మీద ఆకాశం. గోడల పక్కన మనుషులు మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు.

అతడు దిగి ఒక ఇంట్లోకి పోయాడు. బయటికి వచ్చి ఇంకో ఇంట్లోకి పోయాడు. అంతా వట్టిదే. డబ్బా పట్టుకున్న మనుషుల్లో ఒకడు ఉండబట్టలేక నవ్వాడు. జమేదారు వెనక్కి తిరిగి వాడి చెంప మీద కొట్టాడు. ఆ తర్వాత అతని గొంతు మొదటిసారిలా లేదు.

"ఓదెలు రాలే, ఇండ్లు గూడ లేవు. ఎవరి తెలివి ఇది?"

సాలమ్మ లేవబోయింది. ఆమె మోకాలు భూమి నుంచి లేచేలోపే పోశాలు లేచి నిలబడ్డాడు.

"నాది. ఊర్ల ఇండ్లు కప్పెటోన్ని నేను. ఇప్పిందీ నేనే. కొత్తయి కప్పుదామని ఇప్పిన."

"తమ్మీ" అంది సాలమ్మ.

"నువ్వు ఊకో. ముసల్ది, దానికి మతి లేదు" అన్నాడు పోశాలు, జమేదారు వైపే చూస్తూ.

వాళ్లు అతన్ని అక్కడే కొట్టారు. వాగులో గడ్డిమోపులు కనిపిస్తే కిరసనాయిలు పోసి అంటించారు. ముప్పై నాలుగు ఇళ్ల గడ్డి, వాసాలు ఒక్కచోట కాలాయి. మంట చింతచెట్టుకన్నా ఎత్తు లేచింది. పడమటి గాలికి రవ్వలు ఊరి మీదికి వచ్చి గోడల మధ్య మట్టిలో పడి, పట్టుకోవడానికి ఏమీ లేక ఆరిపోయాయి. ఆ పొగలోంచే పోశాలును చేతులు వెనక్కి కట్టి నడిపించుకుపోయారు. ఉప్పలమ్మ "బాపూ" అని బాట దాకా పరుగెత్తింది. అతడు తిరిగి చూడలేదు. చూస్తే ఆమె ఇంకా వెంట వస్తుందని తెలుసు.

ఊరు నిలబడింది. ఆ రోజు ఒక్క గోడ పగల్లేదు, ఒక్క ప్రాణం పోలేదు. కానీ సాలమ్మ అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా "ముసల్ది, దానికి మతి లేదు" అన్న తమ్ముడి గొంతు వినిపించేది. మానుకోటలో పెద్ద క్యాంపుకు నాలుగుసార్లు నడిచిపోయింది. గేటు దగ్గరే తరిమేశారు.

రోహిణి ఎండల్లో మనుషులు గోడల నీడ వెంట జరుగుతూ బతికారు. ఇద్దరు ముసలివాళ్లు ఆ ఎండకు పోయారు. మృగశిర ఇంకా వారం ఉందనగా యోహాను వచ్చాడు. వెంట తొమ్మిది బండ్లు ఉన్నాయి, నిండా తాటికమ్మలు, వాసాలు. వాటిని తోలుకొచ్చినవాళ్లలో సగం మందికి సొంత ఇళ్లు లేవు. "మీరు పోసిన అంబలి ఇంకా కడుపులనే ఉన్నది" అన్నాడు యోహాను. అందరూ కలిసి నాలుగు రోజుల్లో ఊరు కప్పారు. పోశాలు లేడు కాబట్టి ఒక్క కప్పూ సరిగా కుదరలేదు. మొదటి వానకే అన్నీ కురిశాయి.

ఆ ఏడు భాద్రపదంలో పట్నంలో రాజ్యం మారిందని కబురు వచ్చింది. క్యాంపులు ఎత్తేశారన్నారు. బతుకమ్మ రోజుల్లో ఒక సాయంత్రం ఆడవాళ్లు ఆడుతుండగా పోశాలు ఊళ్లోకి నడిచొచ్చాడు. మొదట ఎవరూ గుర్తుపట్టలేదు. ఉప్పలమ్మే గుర్తుపట్టింది. అతని కుడిచేతి వేళ్లు మూడు వంకరపోయి ముడుచుకోవడం లేదు. ఏం చేశారని ఎవరడిగినా చెప్పలేదు.

సాలమ్మ వేడినీళ్లు కాచి అతని కాళ్లు కడిగింది. "నన్నెందుకు లేవనియ్యలేదురా?" అని అడిగింది.

"నీ బిడ్డనప్పుడు కాపాడలేకపోయిన గదక్కా. అప్పుడు నేను ఇంటి ముందట్నే ఉన్న. భయమైంది" అన్నాడు పోశాలు.

ఇరవై ఆరేళ్ల తర్వాత ఆమెకు ఆ సంగతి తెలిసింది. చాలాసేపు అతని కాలు వదలకుండా పట్టుకుని కూర్చుంది. తర్వాత చెంబులో మిగిలిన నీళ్లు కూడా పోసి కడిగింది.

ఓదెలు అడవి నుంచి రాలేదు. సంఘం ఇంకా తుపాకులు దించలేదని, కొత్త ప్రభుత్వం వాళ్లనూ వెతుకుతోందని చెప్పుకున్నారు. దీపావళి వెళ్లిన నాలుగో రోజు యోహాను ఒక్కడే, బండి లేకుండా, గబగబా నడిచొచ్చాడు. గూడూరు బయట గుడారాలు వేస్తున్నారని, లారీల్లో మిలిటరీ వాళ్లు దిగారని చెప్పాడు. అడవి అంచు ఊళ్ల పేర్లు రాసుకుంటున్నారట. అందులో నర్సక్కపల్లె పేరూ ఉందట.

పోశాలు విన్నాడు. వంకరవేళ్ల చేతిని పంచె మడతలో దాచుకుని, ఓదెలు కోసం వస్తే ముందు పట్టుకునేది అతని భార్యనేనని, కూతురు ఎక్కడుందో చూడమని అక్కకు చెప్పాడు. సాలమ్మ వాకిట్లోకి వచ్చి, గూడూరు బాట వైపు చూసింది. అప్పటికే అక్కడ దుమ్ము లేస్తోంది.